కుప్పకు నిప్పు పెట్టిన కథ: సముద్రాల ఇరువైపులా ఒకే ఇంగ్లీషు పాఠం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. వివిధ దేశాల ఇంగ్లీషు తరగతులు ఒకే మానవతా పాఠాన్ని చదివి, తమ రాతలను ఒకరికొకరు పంపుకోవడం అనే ప్రయత్నం గురించి ఒక ఉపాధ్యాయిని, ఒక తండ్రి, విదేశంలో ఉన్న ఒక సోదరి, ఒక ప్రధానోపాధ్యాయుడు వేర్వేరు కోణాల నుంచి అడిగారు. అందువల్ల మిగిలిన ఉత్తరాలను వచ్చే నెలకు ఉంచి, ఈ నాలుగింటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అవనిగడ్డ ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. ప్రపంచమంతటా పిల్లలు ఒకే పాఠం చదివే కార్యక్రమం ఒకటి ఉందని శిక్షణ తరగతుల్లో విన్నాను. మా తొమ్మిదో తరగతిలో సగం మంది ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు వరుసగా రాయలేరు. అటువంటి పిల్లలను ఇందులోకి దించవచ్చునా? దించితే ఏ పాఠం తీసుకోవాలి? మధ్యలో తెలుగు వాడితే తప్పవుతుందా?
— ఒక ఉపాధ్యాయిని, దివిసీమ

జవాబు: టీచర్ గారూ, నిస్సంకోచంగా దించండి. పాఠాన్ని ఎంచుకోవడంలో మాత్రం తొందరపడకండి.

మీరు విన్నది బహుశా ‘వరల్డ్స్ లార్జెస్ట్ లెసన్’ గురించి కావచ్చు. 2015 సెప్టెంబరు 25న ఐక్యరాజ్యసమితిలోని 193 సభ్యదేశాలు 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను ఆమోదించిన సందర్భంలోనే, వాటిని బడి పిల్లల దాకా తీసుకుపోవడానికి ‘ప్రాజెక్ట్ ఎవ్రీవన్’ అనే సంస్థ యూనిసెఫ్ తోడ్పాటుతో దీన్ని మొదలుపెట్టింది. పాఠ ప్రణాళికలు, పోస్టర్లు, చిన్న చిత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. ఉద్దేశం మంచిదే కాని, దాని విస్తృతి మీదే నాకు అభ్యంతరం. పేదరికం, ఆకలి, స్త్రీ పురుష సమానత్వం, వాతావరణ మార్పు అన్నింటినీ ఒక పీరియడులో కుక్కితే, ఇంగ్లీషులో తడబడే పిల్లవాడి చేతిలో చివరికి ఒక నినాదం మిగులుతుంది. అవతలి దేశపు పిల్లవాడితో చెప్పుకోవడానికి తనదైన మాట ఒక్కటైనా మిగలదు. ఇందుకు భిన్నమైన నమూనా చాలాకాలం కిందటే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాతి సంవత్సరాల్లో జూనియర్ రెడ్ క్రాస్ ఆధ్వర్యంలో ఒక దేశపు బడి పిల్లలు తమ బొమ్మలను, ఫొటోలను, ఉత్తరాలను ఆల్బములుగా కూర్చి మరో దేశపు బడికి పంపేవారు. ప్రపంచాన్ని ఎలా మార్చాలో ఆ ఆల్బములు చెప్పలేదు. మా ఊరు ఇలా ఉంటుందని చెప్పాయి. నా మొగ్గు అటే.

అందుకే మీకు ఒకే ఒక్క కథను సూచిస్తున్నాను. 1854 డిసెంబరులో జపాన్ తీరాన, నేటి వాకయామా ప్రిఫెక్చర్ (జిల్లా వంటి పాలనా విభాగం)లోని హిరో అనే పల్లెను పెద్ద భూకంపం కుదిపింది. దాని వెంటనే సునామీ వచ్చింది. చీకటి పడుతున్న వేళ, దారి తెలియక చెల్లాచెదురైన జనానికి ఎత్తైన చోటు ఎటుందో చూపించడానికి హమగుచి గోర్యో అనే వ్యక్తి పొలాల్లోని వరి కుప్పలకు వరుసగా నిప్పు పెట్టించాడు. ఆ వెలుగును పట్టుకుని జనం గుట్టమీది ఆలయం దాకా చేరి బతికారు. సోయా సాస్ తయారుచేసే వ్యాపార కుటుంబానికి చెందిన ఈయన అంతటితో ఊరుకోలేదు. సొంత డబ్బుతో సముద్రానికి అడ్డంగా పెద్ద కరకట్ట కట్టించాడు. సర్వం పోగొట్టుకున్న ఊరివాళ్లనే పనిలో పెట్టుకుని కూలి ఇచ్చాడు కనుక వాళ్లు ఊరు విడిచి పోలేదు. ఆ కట్ట 1946లో వచ్చిన మరో సునామీలో ఊరిలో అధిక భాగాన్ని కాపాడింది.

ఈ కథ ఇంగ్లీషు తరగతికి ఎందుకు తగినదంటే, ఇది స్వయంగా ఒక ఇంగ్లీషు తరగతి గుండా నడిచి వచ్చిన కథ. గ్రీకు ద్వీపంలో పుట్టి, ఐర్లండులో పెరిగి, జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పి, చివరికి కొయిజుమి యాకుమో పేరుతో ఆ దేశ పౌరుడైన లఫ్కాడియో హెర్న్ దీన్ని 1897లో ఇంగ్లీషులో రాశాడు. హమగుచి ఊరి పక్క పట్టణంలోనే పుట్టిన నకాయి త్సునెజో అనే యువకుడు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో దాన్ని ఇంగ్లీషు పాఠంగా చదివాడు. తన ఊరి చెంతనే జరిగిన సంగతిని పరాయి భాషలో చదివి చలించిన ఆ మనిషి, తర్వాత ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడై, 1934లో వాచకాలకు పాఠాలు పంపమని విద్యాశాఖ పిలుపునిచ్చినప్పుడు చిన్నపిల్లలకు అర్థమయ్యే జపనీసులో దీన్ని తిరగరాసి పంపాడు. అది 1937 నుంచి 1947 దాకా జపాన్ జాతీయ వాచకంలో ఉంది. పాత జపాన్ పంచాంగం ప్రకారం ఆ మంటలు వెలిగింది పదకొండో నెల అయిదో రోజున. దానికి గుర్తుగానే ఐక్యరాజ్యసమితి 2015 డిసెంబరులో, నవంబరు 5ను ప్రపంచ సునామీ అవగాహన దినంగా ప్రకటించింది.

హెర్న్ కథను కొంత మార్చాడని కూడా పిల్లలకు చెప్పండి. అతని కథలో హమగుచి కొండమీద నివసించే ముసలాయన. కింద ఉన్న జనాన్ని పైకి రప్పించడానికి తన పంటనంతా తగలబెడతాడు. నిజానికి అప్పటికి ఆయన వయసు ముప్పై అయిదు లోపే. ఇల్లు ఊళ్లోనే ఉంది. మంట పెట్టింది చీకట్లో దారి చూపడానికి. ఏది జరిగింది, ఏది కల్పించారు అని రెండు నిలువు వరుసలుగా రాయించడం తొమ్మిదో తరగతికి మంచి పఠన అభ్యాసం అవుతుంది.

ఇక మీ పిల్లలకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది. మన పల్లెల్లో వరి కుప్పకు నిప్పు పెట్టడమంటే పగ తీర్చుకునేవాడు చేసే పని; ఏడాది కష్టం బూడిదైన రైతు ఇంటి పరిస్థితి ఎలా ఉంటుందో దివిసీమ పిల్లవాడికి ఎవరూ వివరించనక్కరలేదు. ఆ కథలో మంట చూడగానే నగరంలో పెరిగిన పిల్లవాడికి వెలుగు కనిపిస్తే, మీ పిల్లవాడికి నష్టం కనిపిస్తుంది. త్యాగం ఎంత పెద్దదో కొలవగలిగే పాఠకుడు మీ తరగతిలోనే ఉన్నాడు. ఆ ఒక్క సంగతిని తప్పుల ఇంగ్లీషులో రాసి పంపినా, అది అవతలి తరగతికి కొత్త సంగతే.

పైగా మీ నేలకు 1977 నవంబరు 19 ఉంది. అధికార లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మందిని మింగిన ఆ ఉప్పెనను చూసిన పెద్దలు మీ ఊళ్లలో ఇంకా ఉన్నారు. నవంబరు 5కు, 19కి నడుమ సరిగ్గా రెండు వారాలు. పాఠానికి అంతకన్నా మంచి గడువు దొరకదు. మొదటి వారం హమగుచి కథ చదివించండి. రెండో వారం, చెప్పడానికి ఇష్టపడే పెద్దల దగ్గరకు మాత్రమే పిల్లలను పంపి, ఆ రోజు ఎవరు ఎవరిని కాపాడారో తెలుసుకుని రమ్మనండి. జపాన్‌లో వచ్చినది సముద్రగర్భంలో భూమి కదలడం వల్ల పుట్టిన అల, మన దగ్గర వచ్చినది తుపాను గాలి తీరం మీదికి నెట్టిన నీరు అనే తేడాను సైన్సు మాస్టారు గారితో ఒక పీరియడు చెప్పించండి. రెండింటినీ కలిపేసి రాస్తే అవతలి ఉపాధ్యాయుడు తప్పుపడతాడు, పట్టాలి కూడా.

తెలుగు వాడవచ్చునా అని అడిగారు. వాడకపోతేనే తప్పు. ఇండోనేషియాలోని సిమెలూ ద్వీపంలో 1907లో వచ్చిన సునామీ తర్వాత, అక్కడివారు దానికి ‘స్మోంగ్’ అని పేరు పెట్టి, భూమి గట్టిగా కంపించి సముద్రం వెనక్కి తగ్గితే గుట్ట ఎక్కమని పాటల్లోను, తాతమ్మల కథల్లోను తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. 2004 డిసెంబరు 26న హిందూ మహాసముద్రంలో సునామీ వచ్చినప్పుడు, భూకంప కేంద్రానికి అతి దగ్గరలో ఉన్న ఆ ద్వీపంలో, దాదాపు 78 వేల జనాభాలో చనిపోయినవారు ఏడుగురే. వారిని కాపాడిన మాట వారి సొంత భాషలోది. కాబట్టి పెద్దల కథను పిల్లలు తెలుగులోనే విననివ్వండి, తెలుగులోనే రాయనివ్వండి, గుంపుగా కూర్చుని అందులోంచి నాలుగు వాక్యాలు ఇంగ్లీషులోకి తెచ్చుకోనివ్వండి. ‘ఉప్పెన’ అన్న మాటను ఇంగ్లీషులోకి మార్చవద్దు. సునామీ, స్మోంగ్ పక్కన ఉప్పెనను కూడా ఉంచి, మూడు మాటలకూ రెండు తరగతులూ అర్థం రాసుకుంటే సరిపోతుంది.

రెండు తరగతులూ జవాబు రాయవలసిన ప్రశ్న ఒకటే పెట్టండి: ఊరందరినీ ఎత్తైన చోటుకు రప్పించాలంటే, నువ్వు మీ ఇంట్లోని దేన్ని తగలబెట్టగలవు? ‘ఇఫ్’ వాక్యాలను నల్లబల్ల మీద ముప్పైసార్లు రాయించినా రాని పట్టు ఈ జవాబుతో వస్తుంది, ఎందుకంటే ఇక్కడ చెప్పవలసిన మాట వారి దగ్గర ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. ఇంగ్లీషు టీచరు వారానికి ఒక పీరియడు వేరే దేశపు పిల్లలతో ఉత్తరాలు, వీడియోల పేరిట గడుపుతున్నారు. ఆ పిల్లల ఇంగ్లీషు కూడా అంతంత మాత్రమేనని మా అబ్బాయే చెబుతున్నాడు. ఇంగ్లీషు సరిగ్గా రానివారితో మాట్లాడితే ఇంగ్లీషు వస్తుందా? మార్కుల సంగతేమిటి?
— ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ ఆందోళనలో న్యాయం ఉంది. వీడియోలో చేతులు ఊపి, పేర్లు చెప్పుకుని, నవ్వుకుని ముగించే పీరియడు అయితే అది నిజంగా వృథాయే. నాలుగు వారాల్లో మీ అబ్బాయి రాసిన కాగితాలు ఎన్ని ఉన్నాయో చూపించమని టీచరు గారిని మర్యాదగా అడగండి. కాగితాలు ఉంటే మాత్రం ఊరుకోండి. మన ఇంగ్లీషు వాచకాల్లో డిస్కోర్సులని పిలిచే లేఖ, సంభాషణ, డైరీ, వర్ణన అనే రచనా రూపాలే ఈ మార్పిడిలోనూ వస్తాయి. ఊహించుకున్న మిత్రుడికి రాసే లేఖకు, జవాబు రాయబోయే మనిషికి రాసే లేఖకు మధ్య ఉన్న తేడా పరీక్ష కాగితంలో కూడా కనిపిస్తుంది.

అవతలివారి ఇంగ్లీషు గురించి మీరన్నది నాకు లోపంగా తోచడం లేదు. ఇంగ్లీషు నామవాచకాల ముందు వచ్చే ‘ఎ’, ‘యాన్’, ‘ద’ అనే ముక్కలు తెలుగులో లేవు, ఉదాహరణకు జపనీసులోనూ లేవు. అందువల్ల ఆ రెండు భాషల పిల్లలూ ఒకేచోట తప్పులు చేస్తారు. క్రియను వాక్యం చివర పెట్టే అలవాటు కూడా రెండు భాషలకూ ఉంది. అవతలి పిల్లవాడి ఉత్తరంలో ‘ద’ లేకపోవడాన్ని పట్టుకున్న పిల్లవాడు తన కాగితంలో దాన్ని ఎక్కడ వదిలేశాడో తానే వెతుక్కుంటాడు. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్న బడితో జత కలిపితే ఇది జరగదు. మనవాళ్లు నోరు విప్పడానికి భయపడి, పక్కవాడి వైపు చూస్తూ కూర్చుంటారు.

ఒక్క పాఠం వల్ల ఏమవుతుందని అడిగే తండ్రులకు నేను చెప్పే సంఘటన ఒకటుంది. టిల్లీ స్మిత్ అనే పదేళ్ల ఇంగ్లండు బాలిక 2004 డిసెంబరు 26న తల్లిదండ్రులతో థాయిలాండులోని ఫుకెట్ దీవిలో మాయ్ ఖావో తీరాన ఉంది. సముద్రం నురగలు కక్కుతూ వింతగా ప్రవర్తించడం చూసి, రెండు వారాల కిందట బడిలో భూగోళ శాస్త్రం మాస్టారు సునామీ గురించి చెప్పిన గుర్తులు ఇవేనని గ్రహించి, పెద్దలు నమ్మేదాకా పట్టుబట్టింది. తీరం ఖాళీ అయింది. దాదాపు వంద మంది బతికారు. ఆ తొందరలో ‘సునామీ’ అన్న మాట చెవిన పడిన ఒక జపనీయుడు పాప చెప్పింది నిజమేనని బలపరిచాడని ఆ కుటుంబం చెప్పింది. ఇంగ్లీషు పాప నోట జపాన్ మాట, థాయిలాండు ఒడ్డున పనిచేసింది. ఇందులో వ్యాకరణం మీద పట్టు ఎవరికెంత అన్న ప్రశ్నే రాలేదు. అయితే ఇలాంటి అవసరం మీ అబ్బాయికి ఎన్నడూ రాకూడదనే కోరుకుంటాను. అతని అర్ధ సంవత్సర పరీక్ష మార్కులు తగ్గితే, ఆ వారపు పీరియడును నెలకు రెండింటికి తగ్గించమని అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: న్యూజెర్సీలో మా ఊరి గ్రంథాలయంలో వారానికి ఒక సాయంత్రం, కొత్తగా వలస వచ్చిన పెద్దవాళ్లకు స్వచ్ఛందంగా ఇంగ్లీషు నేర్పుతున్నాను. వారిలో యుద్ధాల వల్ల ఇల్లు విడిచినవారు ఉన్నారు. మా సొంత ఊరు బాపట్ల దగ్గర ఉన్న బడితో వీరిని ఒక మానవతా పాఠం ద్వారా కలపాలని నా కోరిక. వీరి అనుభవాలు వింటే అక్కడి పిల్లలకు కళ్లు తెరుచుకుంటాయి కదా?
— ఒక సోదరి, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, కలపండి, కాని మీ ఉత్తరంలోని చివరి వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మరొకరి కళ్లు తెరిపించడం కోసం తన గాయాన్ని విప్పి చూపించవలసిన బాధ్యత మీ తరగతిలో ఎవరికీ లేదు.

ఈ మాట నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. నేను పాఠాలు చెప్పే రోజుల్లో, ఒక వరద ఏడాదిలో, ‘నేను చూసిన వరద’ అని వ్యాసం రాయించాను. చురుకైన కుర్రవాడు ఒకడు పేరు, తరగతి, తేదీ మాత్రం రాసి, ఖాళీ కాగితం ఇచ్చాడు. సోమరితనమనుకుని అందరి ముందు మందలించాను. వాళ్లింట్లో ఏం జరిగిందో మరునాడు అటెండరు చెబితే తెలిసింది. ఆ కాగితం చాలా ఏళ్లు నా బల్ల సొరుగులో ఉండిపోయింది. మంచి ఉద్దేశంతో వేసిన ప్రశ్నే అది.

కాబట్టి ప్రశ్నను తిప్పండి. ‘మీకు ఏం జరిగింది?’ అని అడగకుండా, ‘మీరు ఎవరికి, ఎలా సాయం చేశారు?’ అని అడగండి. ఇల్లు విడిచి వచ్చిన మనిషి కూడా దారిలో ఎవరి బిడ్డనో ఎత్తుకునే ఉంటాడు, ఎవరికో రొట్టె ఇచ్చే ఉంటాడు. ఆ జవాబులో ఆయన బాధితుడుగా కాక చేతనైన మనిషిగా నిలబడతాడు. భూతకాల వాక్యాలు కూడా ఇందులో కావలసినన్ని వస్తాయి. అదీ చెప్పడం ఇష్టం లేనివారికి, పైన దివిసీమ టీచరు గారికి రాసిన హమగుచి కథలో మంట భాగాన్ని వదిలి, కరకట్ట భాగాన్ని ఇవ్వండి. ఇల్లు పోయినవారికి దానం మేలా, కూలి మేలా అనే చర్చలో పెద్దవాళ్లకు చెప్పడానికి చాలా ఉంటుంది. కథ పరాయిది కావడం వల్ల, ఎవరూ తమ గురించి చెప్పకుండానే తమకు తెలిసినదంతా చెప్పగలుగుతారు.

బాపట్ల పిల్లలను కూడా ఊరికే వినేవాళ్లుగా కూర్చోబెట్టవద్దు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఇంట్లో ఏమేమి సర్దుకుంటారో వాళ్లు వరుసగా రాసి పంపితే, అట్లాంటిక్ హరికేన్లకు కొత్తవారైన మీ విద్యార్థులకు అది పనికొచ్చే పాఠమే. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా ఉన్నప్పుడే ఎవరి మీదా ఎవరికీ జాలి పుట్టదు.

ప్రశ్న: ఇటువంటి పనికి విదేశీ పాఠశాలను ఎలా వెతకాలి? వేళలు కలుస్తాయా? పిల్లల ఫొటోలు పంపవచ్చునా?
— ఒక ప్రధానోపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

జవాబు: 1988లో న్యూయార్క్ రాష్ట్రంలోని, మాస్కోలోని పాఠశాలలను కలుపుతూ మొదలైన ‘ఐఎర్న్’ అనే ఉపాధ్యాయుల కూటమికి భారతదేశంలోనూ శాఖ ఉంది, తోటి బడిని వెతుక్కోవడానికి అదొక మార్గం. విదేశంలో ఉపాధ్యాయులుగా ఉన్న మీ పూర్వ విద్యార్థులు ఉంటే అంతకన్నా దగ్గర దారి.

జపాన్ గడియారం మనకన్నా మూడున్నర గంటలు, సిమెలూ ద్వీపం ఉన్న పశ్చిమ ఇండోనేషియాది గంటన్నర ముందుంటాయి. మన ఉదయం పది గంటలకు జపాన్‌లో మధ్యాహ్నం ఒకటిన్నర కనుక, ఆ రెండు దేశాలతో బడివేళల్లోనే మాట్లాడుకోవచ్చు. అమెరికా తూర్పు తీరం నవంబరులో మనకన్నా పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడితో వీడియో ఆశ వదులుకుని ఉత్తరాలకే పరిమితం కండి. నన్నడిగితే ఎవరితోనైనా మొదటి నెల ఉత్తరాలే మేలు. మాట తడబడే పిల్లవాడికి కాగితం మీద ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది, ఇంటర్‌నెట్ ఆగిపోతుందన్న బెంగ ఉండదు.

ఫొటోల సంగతి: తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్కటీ పంపవద్దు. అనుమతి ఉన్నా ముఖాలు కనిపించే చిత్రాలకు బదులు పిల్లలు గీసిన బొమ్మలు, ఊరి ఫొటోలు పంపండి. పిల్లల ఇంటిపేరు, ఊరి చిరునామా, ఫోను నంబరు వద్దు. రాకపోకలన్నీ ఉపాధ్యాయుల మెయిలు ద్వారానే జరగాలి. పంపే ముందు ఎర్ర సిరాతో దిద్దిన కాగితాన్ని మీ దగ్గరే ఉంచుకుని, పిల్లవాడు తన దస్తూరీతో తిరిగి రాసిన ప్రతిని పంపండి. అందులో రెండు మూడు తప్పులు మిగిలినా ఫరవాలేదు. అవతలి నుంచి వచ్చే కాగితంలోనూ అన్నే తప్పులు ఉంటాయి.